‘ఎవుల తాలూకా?’: సొంత కథల్లో అసలు పేర్ల చిక్కు

క్లుప్తంగా: సొంత జీవితం గురించి నెట్‌లో రాసేవాళ్ళు ఎక్కువగా తర్జనభర్జన పడేది పేర్ల దగ్గర. ఉన్న పేర్లే పెట్టాలా, మార్చాలా? శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట్ల ఈ ప్రశ్న సగం ప్రశ్నే. అక్కడ మనిషిని పట్టించేది పేరు కన్నా పేరు చుట్టూ ఉండే ఆనవాళ్ళు. మన చట్టాలు కూడా పేరు దగ్గర ఆగకుండా ‘మనిషిని గుర్తుపట్టే వీలుందా’ అనే చూస్తున్నాయి. రాసేవాళ్ళ పేరు ఒక సంగతి, ఎవరి గురించి రాశారో వాళ్ళ పేరు మరో సంగతి. రెండిటినీ ఒకే మూట కట్టడం వల్ల గందరగోళం పెరుగుతోంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఇల్లు ఊహించుకుందాం. సోంపేటకీ కవిటికీ మధ్య, కొబ్బరితోటల్లో. ఇంటి పెద్దకి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఒక రాత్రి కూర్చుని ఆ నాలుగేళ్ళ కథంతా రాశాడు. క్రియాటినిన్ రిపోర్టు మొదటిసారి చేతికొచ్చిన రోజు, జీడితోట తాకట్టు పెట్టిన రోజు, ఆసుపత్రి వరండాలో అమ్మ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకునే కునికిపాట్లు పడిన రాత్రి. జాగ్రత్తపడ్డాననే అనుకున్నాడు. తండ్రిని ‘నాన్న’ అన్నాడు తప్ప పేరు రాయలేదు. చెల్లెలి పేరు మార్చాడు. ఊరి పేరు ఎత్తలేదు. తెల్లారేసరికి అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. మధ్యాహ్నానికి, చెల్లెల్ని చూసుకోవడానికి బరంపురం వైపు నుంచి రావలసిన పెళ్ళివారు ‘‘ఇంకో రెండు నెలలు పోనిద్దాం’’ అని కబురు పెట్టారు.

ఊహించిన కథే అయినా ఉద్దానంలో దీన్ని ఎవరూ వింతగా చూడరు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకుందో దశాబ్దాలుగా పూర్తిగా తేలలేదు. కారణం తెలియని జబ్బు కాబట్టి ‘వంశంలోనే ఉందేమో’ అన్న అనుమానం సంబంధాల దాకా పాకుతుంది. ఆ కొడుకు పేర్లన్నీ దాచాడు, ఒక్క తన పేరు తప్ప. రాసినవాడు ఎవరో తెలిశాక ‘నాన్న’, ‘చెల్లి’ అన్న మాటలే చిరునామాలు. తన కథ చెప్పుకునే హక్కు అతనికి ఉంది. చిక్కల్లా, ఆ కథలో సగం అతనిది కాదు.

ఒకే వీధిలో ముగ్గురు అప్పలనాయుళ్ళు

ఈ రెండు జిల్లాల్లో పేర్లు పెట్టే తీరు చూస్తే మిగతా చిక్కు అర్థమవుతుంది. సింహాచలం అప్పన్న మీద అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనర్సమ్మ. ఏకంగా కొండ పేరే పెట్టుకున్న సింహాచలాలు కూడా. విజయనగరం పైడితల్లి అమ్మవారి పేరున పైడిరాజులు, పైడితల్లులు. అరసవల్లి వల్ల సూర్యనారాయణలు, శ్రీకూర్మం వల్ల కూర్మారావులు. ఒకే వీధిలో ముగ్గురు అప్పలనాయుళ్ళుంటే ఆ పేరు పిలవడానికి పనికొస్తుంది గానీ ఫలానా అని చెప్పడానికి పనికిరాదు. అందుకే రైసుమిల్లు అప్పలనాయుడు, కరెంటు అప్పలనాయుడు, చెరువుగట్టు అప్పలనాయుడు అవుతారు.

కొత్త మనిషి ఎదురైతే ఇక్కడి పెద్దవాళ్ళు ముందు అడిగేది ‘నీ పేరేటి’ అని కాదు, ‘‘ఎవుల తాలూకా?’’ అని. పాత రెవెన్యూ తాలూకాకీ దీనికీ సంబంధం లేదు. ఎవరి మనిషివి, ఏ ఇంటి గుంటవి (పిల్లవి) అని అడగడం అది. తండ్రి పేరు, ఇంటిపేరు, వీధి, తల్లి పుట్టిల్లు చెప్తే చాలు, తాతగారి అప్పులతో సహా జాతకమంతా వాళ్ళే చెప్పేస్తారు. అంటే కథలో ‘అప్పలనాయుడు’ అని అసలు పేరే పెట్టి మిగతా వివరాలు వదిలేస్తే మనిషి దాదాపు క్షేమం. పేరు ‘రమేష్’ అని మార్చి రైసుమిల్లునీ చెరువుగట్టునీ ఉంచేస్తే పట్టించినట్టే. పేరు మార్చేవాళ్ళలో ఎక్కువమంది చేసేది రెండోది.

ఇక్కడివాళ్ళు పేరు బయటపడితే ముడుచుకుపోయే రకమేమీ కాదు. రామకోవెలలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబులైటు పట్టీల మీద, బస్సు షెల్టరు గోడ మీద తండ్రి పేరుతో, ఇంటిపేరుతో సహా దాతల పేర్లు ఎర్రరంగులో మెరుస్తుంటాయి. అదే పేరు చీటీపాట డబ్బులు ఎగ్గొట్టిన కథలో కనిపిస్తే గొడవ. రెండు చోట్లా పేరు అదే. ఫ్యాను మీద రాయించుకున్నది ఆయన, కథలో రాసింది ఇంకొకరు. న్యాయస్థానాలు గోప్యత అని పిలిచేదానికి పల్లెటూరి రూపం ఇది.

జల్లెడ పట్టే తీరు

ఆనవాళ్ళు మనిషిని ఎలా పట్టిస్తాయో ఒక్క వాక్యం తీసుకుని చూడవచ్చు. ‘‘మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు, రిటైరైన ఏడాదే భార్య పోయింది, చిన్నకొడుకు నేవీలో ఉంటాడు.’’ ఇందులో పేరు లేదు, ఊరు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి శ్రీకాకుళం జిల్లాలో సుమారు 27 లక్షల మంది, 38 మండలాలు. రాసినవాళ్ళది ఏ మండలమో ఏ పాత ఫొటో వల్లో తెలిస్తే 27 లక్షలు సగటున 70 వేలకు దిగిపోతాయి. హైస్కూలు ఉన్న ఊరు అంటే కొన్ని వేలు. ముప్పై ఏళ్ళలో అక్కడ లెక్కలు చెప్పినవాళ్ళు చేతి వేళ్ళకు సరిపోతారు. రిటైరైన ఏడాదే భార్య పోయినాయన ఒక్కరు. నేవీ కొడుకు దాకా వెళ్ళక్కర్లేదు.

ఇదే సంగతిని అమెరికాలో లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో లెక్కగట్టి చూపారు. పిన్‌కోడ్ లాంటి అక్కడి జిప్‌కోడ్, పుట్టినతేదీ, ఆడో మగో తెలిస్తే చాలు, ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా పట్టుకోవచ్చని అంచనా. తర్వాత మరో పరిశోధకుడు కొత్త జనాభా లెక్కలతో చూస్తే అది 63 శాతానికి దగ్గరగా వచ్చింది. తగ్గినా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కాస్త తక్కువ, అదీ పేరు అవసరమే లేకుండా. మన దగ్గర పోలింగు కేంద్రాల వారీగా ఓటర్ల జాబితాలు నెట్‌లోనే ఉంటాయి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, అన్నీ. ఒక్కో కేంద్రం కింద సుమారు వెయ్యి పేర్లు. కథలో వయసూ ఊరూ ఉంటే ఆ జాబితాను ముందు పెట్టుకుని వెతకడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు.

అయితే అంత వెతికేవాళ్ళు ఎవరు? ఇక్కడ చదివేవాళ్ళని రెండు రకాలుగా విడదీయాలి. గుంటూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని చదివేవాళ్ళకి ఆ మాస్టారు ఎవరైనా ఒకటే. పేరు మార్చినా మార్చకపోయినా వాళ్ళకి తేడా పడదు. గుర్తుపట్టగలిగేది ఆ వీధిలో ఉన్న ముప్పై నలభై మందే. మాట్లాడటం మానేసేదీ, సంబంధం వాయిదా వేసేదీ, అప్పు ఇవ్వననేదీ కూడా వాళ్ళే. పేరు మార్పు ఎవరి నుంచి ప్రమాదం లేదో వాళ్ళ నుంచి కాపాడుతుంది, ఎవరి నుంచి ఉందో వాళ్ళ ముందు చేతులెత్తేస్తుంది.

కాగితం మరిచిపోయేది

సొంత మనుషుల గురించి రాయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొత్తదల్లా వెతికి పట్టుకునే యంత్రం.

విజయనగరంలోనే ఒక మంచి పాత ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకు (1897) రాసిన ఇంగ్లీషు ముందుమాటలో, విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించిన సంగతి చెప్తారు. అందులోకెక్కిన పెళ్ళిళ్ళు 1,034. వాటిలో అయిదేళ్ళ పిల్లలవి 99, నాలుగేళ్ళవాళ్ళవి 44, మూడేళ్ళవాళ్ళవి 36, రెండేళ్ళవాళ్ళవి 6, ఏడాది పిల్లలవి 3. జాబితా అంటే ఎవరి ఇంట్లో ఏం జరిగిందో విచారించి రాసిందే కదా. కానీ పాఠకుల ముందుకు వచ్చింది అంకెలు మాత్రమే, ఇళ్ళు కాదు. నాటకంలోకి వచ్చేసరికి పద్ధతి తిరగబడింది. చోటు నిజం, మనుషులు కల్పితం. మొదటి రంగం జరిగే బొంకులదిబ్బ విజయనగరంలో నిజంగా ఉన్న చోటే. అంకెల్లో మనుషుల్ని దాచడం, కల్పనలో మనుషుల్ని కరిగించడం, ఈ రెండు దారులూ నూట పాతికేళ్ళ కిందే ఇక్కడ వాడుకలో ఉన్నాయి.

ఆ తర్వాతి కథకుల పొట్టి పేర్లు, విజయనగరం చాసో, శ్రీకాకుళం కారా, ముసుగులు కావు. చాగంటి సోమయాజులు, కాళీపట్నం రామారావు అని ఊరందరికీ తెలుసు. కలంపేరు అనగానే దాక్కోవడం అనుకుంటారు గానీ, తెలుగులో చాలా కలంపేర్లు సంతకాల్లాంటివి. నిజంగా దాచే కలంపేర్లు వేరు: ఇంట్లో ఒప్పుకోని ఆడవాళ్ళు పెట్టుకున్నవి, ప్రభుత్వోద్యోగులు పైఅధికారి కంట పడకుండా పెట్టుకున్నవి. వాటి పని రాసేవాళ్ళని కాపాడటం. ఎవరి గురించి రాశారో వాళ్ళకి అవి కొంతే అక్కరకొస్తాయి.

పత్రికలో పడ్డ కథ వారం తర్వాత బెల్లం పొట్లం అయ్యేది. 1997లో శ్రీకాకుళంలో మొదలైన కథల గ్రంథాలయం ‘కథానిలయం’ లాంటి చోటు అలాంటి పాత సంచికల్ని కాపాడింది. వాటిని చూడాలంటే మొన్నమొన్నటి దాకా అక్కడికి వెళ్ళి బీరువా తెరవాలి. ఆ ప్రయాసే ఒక రకం తెర. ఇప్పుడు తెర లేదు. ‘తెలుగులో రాశాను కదా, ఆఫీసువాళ్ళకి ఏం తెలుస్తుంది’ అనుకోవడానికీ లేదు, ఏ ఫోనైనా క్షణంలో అనువదించి పెడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీనివాసరావు అనే పేరుకి అరడజను స్పెల్లింగులుంటాయి, వెతికితే కొన్ని తప్పిపోతాయి. తెలుగు లిపిలో దాదాపు ఒక్కటే రూపం, ఇట్టే దొరుకుతుంది. అప్పలనాయుడికి, అప్పలనాయుణ్ణి అని విభక్తులు పేరును కాస్త మారుస్తాయి గానీ సెర్చ్ ఇంజన్లు అదీ నేర్చుకుంటున్నాయి. రాసినదాన్ని మనసు మారి తీసేసినా, స్క్రీన్‌షాట్ రూపంలో అది ఊళ్ళోనే ఉంటుంది.

చట్టం దేన్ని చూస్తుంది

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. సొంత కథలు రాసేవాళ్ళకి అంతకన్నా దగ్గరి తీర్పు 1994 నాటి ఆర్.రాజగోపాల్ కేసు. మరణశిక్ష పడ్డ ఖైదీ జైల్లో రాసుకున్న ఆత్మకథను ఒక తమిళ పత్రిక వేయబోతే మొదలైన వివాదమది. మనిషి కుటుంబం, పెళ్ళి, పిల్లలు, చదువు లాంటి విషయాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదు, అవి నిజమైనా కాకపోయినా, పొగడ్తయినా తెగడ్తయినా అని కోర్టు చెప్పింది. రెండు మినహాయింపులు పెట్టింది. కోర్టు కాగితాల్లాంటి ప్రజా రికార్డుల్లో ఉన్నవి రాయవచ్చు. ప్రభుత్వాధికారులు తమ విధుల్లో చేసిన పనుల గురించీ రాయవచ్చు. మొదటి దానికీ ఒక పరిమితి ఉంది: లైంగిక నేరాల బాధితుల పేర్లు రికార్డులో ఉన్నా రాయకూడదు.

‘నిజమే రాశాను, నాకేం భయం’ అన్న ధీమా ఇక్కడ సగమే నిలుస్తుంది. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షను కింద పరువునష్టం ఇంకా నేరమే, రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఆ నేరంలో నిజం ఒక్కటే కాపాడదు, ఆ నిజం చెప్పడం ప్రజల మేలుకే అని కూడా చూపాలి. కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో చచ్చిపోయినవాళ్ళ గురించి రాసినా కేసు కావచ్చు. తాతల నాటి ఆస్తి తగాదాలు రాసేవాళ్ళకి ఈ ముక్క తెలిసి ఉండటం మంచిది.

పేరు మార్పు సరిపోదన్న సంగతి చట్టంలోనే ఉంది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షను, బాధిత పిల్లల విషయంలో పేరునే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, వీధి, ఇంకా గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమైనా ప్రసార మాధ్యమాల్లో బయటపెట్టవద్దంటుంది. ‘ఎవుల తాలూకా?’కి వచ్చే జవాబులన్నీ ఆ వరసలో ఉన్నాయి. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, లైంగిక దాడి బాధితులు చనిపోయిన తర్వాత కూడా ఈ రక్షణ పోదని చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంగతి వాళ్ళ సమ్మతి లేకుండా వెల్లడించకూడదని 2017 నాటి ప్రత్యేక చట్టం అంటుంది.

మరి కొత్తగా అందరూ మాట్లాడుకుంటున్న డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం? 2023 ఆగస్టులో ఆమోదం పొందింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా. తన గురించి తాను బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికీ వర్తించదు. లోకమంతా చదివేలా పక్కింటివాళ్ళ గురించి రాయడం ‘సొంత అవసరం’ కిందికి వస్తుందా అన్నది మాత్రం మన చట్టం విడమర్చి చెప్పలేదు.

ఈ ప్రశ్నకు యూరప్‌లో 2003లోనే జవాబు దొరికింది. స్వీడన్‌లో ఒక చర్చి సేవిక తోటి కార్యకర్తలు పద్దెనిమిది మంది గురించి కాస్త సరదాగా, ఉద్యోగాలూ అలవాట్లూ ఫోన్ నంబర్లతో సహా ఇంటర్నెట్‌లో పెట్టింది. కొందరికి పూర్తి పేర్లు, కొందరికి సగం. ఒకామె కాలికి దెబ్బ తగిలి సగం రోజులే పనిచేస్తోందని కూడా రాసింది. అందరూ అందరికీ తెలిసిన చిన్న సమూహం, చెడ్డ ఉద్దేశం లేదు. అయినా యూరోపియన్ న్యాయస్థానం, ఎంతమంది చూస్తారో లెక్క లేని చోట పెట్టాక అది ఇంటి వ్యవహారం కాదని తేల్చింది. కాలి దెబ్బను ఆరోగ్య సమాచారంగా లెక్కించింది. కాలి దెబ్బే ఆరోగ్య సమాచారమైతే, ఉద్దానం డయాలసిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలు పేరు తప్పనిసరి చేసినచోట

ఎదుటి వాదన ఒకటుంది: అందరూ అసలు పేర్లతో రాస్తే బాధ్యత పెరుగుతుంది, బూతులు తగ్గుతాయి. దీన్ని దేశం మొత్తం మీద పరీక్షించింది దక్షిణ కొరియా. 2007లో పెద్ద సైట్లలో రాయాలంటే అసలు పేరు, గుర్తింపు సంఖ్య ధ్రువీకరించుకోవాలని చట్టం తెచ్చింది. 2009లో యూట్యూబ్ ఆ షరతుకు లోబడకుండా కొరియా విభాగంలో అప్‌లోడ్లే ఆపేసింది. 2011లో రెండు పెద్ద సైట్ల నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. ఆ దేశ జనాభాయే అయిదు కోట్లు. 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్ని కొట్టేసింది. చెడు రాతలు తగ్గినట్టు ఆధారం లేదని, జనం విదేశీ సైట్లకు మళ్ళారని చెప్పింది. గూగుల్ ప్లస్ 2011లో పెట్టిన అసలు పేర్ల నియమాన్ని 2014లో వదులుకుంది. ఫేస్‌బుక్ 2015 చివర్లో కాస్త సడలించింది.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆ సైట్లలో చేరే ఫారాల్లో ‘చివరి పేరు’ అన్న గడి నింపాలంటే ఇంటిపేరే పెట్టాలి. సంతకంలో ఒక్క అక్షరంగా ఉండే ఇంటిపేరు అక్కడ పూర్తిగా బయటికొస్తుంది. ఈ జిల్లాల్లో ఇంటిపేరు వింటే కులం, తరచు ఊరు కూడా చెప్పేస్తారు. పాశ్చాత్యులకి చివరి పేరు ఒక పేరు. ఇక్కడ అది జల్లెడలో రెండు మెట్లు.

మార్చాల్సింది ఏది

దీన్నిబట్టి చూస్తే, దాచదలచుకున్నవాళ్ళు ముందు ముట్టుకోవలసింది పేరును కాదు. ఉద్యోగం, ఏడాది, ఎన్నో సంతానం, జబ్బు, ఊళ్ళో ఒక్కటే ఉండే గుర్తులు (రైసుమిల్లు, పెట్రోలు బంకు, రెండంతస్తుల పెంకుటిల్లు), ఇవి జల్లెడలో బిగువైన కన్నాలు. వీటిలో రెండు మారినా మనిషి జనంలో కలిసిపోతాడు. మాటతీరు, వంట వాసన, తిట్లు, అలకలు ఉంచుకోవచ్చు; కథకు ప్రాణం వాటిలోనే ఉంటుంది, అవి ఎవరినీ పట్టించవు. ఇద్దరు మనుషుల్ని ఒకరిగా కలిపేయడం ఇంకా గట్టి రక్షణ. కానీ అప్పుడది ‘జరిగింది జరిగినట్టు’ కాదు, కథ. ఆ సంగతి పాఠకుడికి చెప్పాలి.

దాచడమే ఎప్పుడూ మేలు అనుకోవడమూ తప్పే. ‘మా మండలంలో ఒక వీఆర్వో లంచం అడిగాడు’ అని పేరు లేకుండా రాస్తే ఆ మండలంలోని వీఆర్వోలందరి మీదా మరక పడుతుంది. అధికారి విధుల్లో చేసిన తప్పుకి ఆధారం చేతిలో ఉంటే పేరు రాయడం రాజగోపాల్ తీర్పు గీసిన గీతకు లోపలే ఉంటుంది. ఆధారం లేనప్పుడు మండలాన్ని కూడా తీసేయాలి.

పిల్లల విషయం వేరు. యూనిఫాం మీద బడి బ్యాడ్జీతో, పుట్టినరోజు తేదీతో ఫొటో పెట్టే తల్లిదండ్రులు వాళ్ళ తరఫున ఒక రికార్డు రాసేస్తున్నారు. పదిహేనేళ్ళ తర్వాత దాన్ని చదివేది ఆ పిల్లలే.

ఇక అడిగి రాయడం. తెలుగు ఇళ్ళల్లో ఇది కాస్త ఎబ్బెట్టు పని. నాన్నని ‘మీ గురించి రాయనా’ అని అడిగే అలవాటు లేదు. అడిగితే వచ్చే జవాబు మాత్రం తరచు రాసేవాళ్ళ అంచనాకి అందదు. ఉద్దానం ఇంటికే తిరిగి వెళ్దాం. ఆ కొడుకు బయటపెట్టే ముందు ఫోనులో తండ్రికి చదివి వినిపించి ఉంటే, ఆయన పేరు గురించి గానీ డయాలసిస్ గురించి గానీ పట్టించుకుని ఉండకపోవచ్చు. పక్కింటాయనదీ అదే జబ్బు, ఊరందరికీ తెలిసిందే. జీడితోట తాకట్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆపేవాడు. ఆ తోటలో సగం తమ్ముడిది. తమ్ముడికి ఆ సంగతి ఇంకా తెలియదు.